పికప్‌కు మార్కులు వేయాల్సింది మూట ఎత్తేవాడు

టెస్లా పికప్ సైబర్‌ట్రక్ బాగుందా, వికారంగా ఉందా అని 2019 నవంబర్‌లో మొదలైన తగువు ఇంకా తెగలేదు. డల్లాస్‌లో ఉన్న మన పిల్లలతో ఫోన్‌లో మాట్లాడినా పక్కింటి ముందు నిలబెట్టిన ఆ స్టీలు బండి సంగతి ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. ఆ తగువు మీద నాకు ఆసక్తి లేదు. బండి మొహం ఎవరికి నచ్చితే వాళ్ళకు నచ్చుతుంది. పికప్ పుట్టిందే వెనక తొట్టి కోసం. అందులోకి సరుకు ఎంత సులువుగా ఎక్కుతుంది, దారిలో ఎంత భద్రంగా ఉంటుంది, ఎంత తొందరగా దిగుతుంది అన్నదే దాని డిజైన్. కాబట్టి ఆ బండికి మార్కులు వేసే హక్కు షోరూమ్‌లో చెక్కు రాసేవాడి కంటే ముందు మూట ఎత్తేవాడికి ఉంది. అతను మార్కులు వేస్తే అమెరికా ఫెయిలవుతుంది.

అక్కడ ఏం జరిగిందో తెలిసిందే. ఫోర్డ్ ఎఫ్-150 మొదటి తరం బండిలో క్యాబిన్, తొట్టి కలిపిన పొడవులో 64 శాతం తొట్టి, 36 శాతం క్యాబిన్ ఉండేవని, 2021 నాటికి క్యాబినే 63 శాతానికి పెరిగిందని ఆక్సియోస్ వార్తా సంస్థ 2023లో లెక్క కట్టింది. ఎనిమిది అడుగుల తొట్టి ఇప్పటికీ దొరుకుతుంది, కానీ వీధుల్లో ఎక్కువగా కనిపించేది నాలుగు తలుపుల క్యాబిన్‌కు తగిలించిన అయిదున్నర అడుగులదే. ప్లైవుడ్ షీటు కొలత మాత్రం మారలేదు, నాలుగు బై ఎనిమిదే. అది ఆ తొట్టిలో పూర్తిగా పట్టదు, తలుపు దించి బయటికి వదలాల్సిందే. స్ట్రాటజిక్ విజన్ అనే సంస్థ పికప్ ఓనర్లను అడిగితే 35 శాతం మంది తొట్టిని ఏడాదికి ఒకసారి వాడితే ఎక్కువ అన్నారు. బరువు మోయని బండికి బరువు మోసే బండి ధర పెడుతున్నారన్నమాట.

సైబర్‌ట్రక్ విషయానికొస్తే, దాని తొట్టి ఆరడుగులు, అంటే పొడవుకు వంక పెట్టడానికి లేదు. తప్పంతా పక్క గోడల్లో ఉంది. కప్పు నుంచి వెనక్కి ఏటవాలుగా దిగే ఆ గోడలు క్యాబిన్ దగ్గర మనిషి చెయ్యి అందనంత ఎత్తుకు లేచాయి. పక్కన నిలబడి లోపలి మూలన పెట్టిన డబ్బా తీసుకోవాలంటే కుదరదు, వెనక నుంచి ఎక్కి పాక్కుంటూ వెళ్ళాలి. ఇది తెలియక జరిగిన పొరపాటు కూడా కాదు. హోండా 2005లో తెచ్చిన మొదటి రిడ్జ్‌లైన్‌కు ఇలాంటి ఏటవాలు గోడలే ఉండేవి. జనం తిట్టారు. 2016లో వచ్చిన రెండో తరంలో హోండా ఆ వాలు తీసేసి గోడలు చదును చేసింది. ఒక కంపెనీ పదకొండేళ్ళకు దిద్దుకున్న తప్పును నాలుగేళ్ళు తిరక్కుండానే ఇంకో కంపెనీ కొత్త ఆవిష్కరణగా వేదికెక్కించింది.

అయితే పొడవూ కాదు, వాలూ కాదు, అసలు పాపం ఎత్తుది. దీని గురించి ఎవరూ మాట్లాడరు, ఎందుకంటే బ్రోషర్‌లో అది కనిపించదు, నడుముకే కనిపిస్తుంది. ఫోర్ వీల్ డ్రైవ్ పికప్‌లో తొట్టి నేల ఈ రోజు భూమికి దాదాపు మూడడుగుల ఎత్తున ఉంది. దాని మీద మళ్ళీ గోడ. సగటు ఎత్తున్న మనిషి పక్కన నిలబడి చెయ్యి చాపితే తొట్టి అడుగు అందదు. చక్రాలు పెంచారు, బండిని లేపారు, రోడ్డు మీద దర్జాగా కనిపించాలని గోడలు లేపారు. ఆ తర్వాత ఏం చేశారో చూడండి. ఫోర్డ్ వెనక తలుపులో నుంచి బయటికి లాగే మెట్టు, పట్టుకోవడానికి కడ్డీ పెట్టింది. జనరల్ మోటార్స్ బంపర్ మూలలు కోసి కాలు పెట్టే చోటు చేసింది. జీఎంసీ ఆరు రకాలుగా మడిచే తలుపు తెచ్చి, అందులో ఒక రకం మెట్టు అని ప్రకటనలు వేసింది. నేలను అందనంత ఎత్తుకు తీసుకెళ్ళినవాళ్ళే ఎక్కడానికి నిచ్చెన కూడా అమ్ముతున్నారు. మూట ఎత్తేవాడిని ఒక్కసారి అడిగి ఉంటే రెండూ అక్కర్లేదు.

అడిగి చేసిన బండ్లు ఉన్నాయి. జపాన్‌లో కెయి అనే బుల్లి ట్రక్కును తీసుకోండి. చట్టం దాన్ని 3.4 మీటర్ల పొడవు, 660 సీసీ ఇంజిన్ దాటనివ్వదు. ఆ చిన్న కొలతలోనే సుజుకి క్యారీ తొట్టి 1.94 మీటర్లు, అంటే ఆరడుగుల నాలుగంగుళాలు. పంతొమ్మిది అడుగులు దాటిన ఎఫ్-150 నాలుగు తలుపుల బండి తొట్టి కంటే పదకొండు అడుగుల బండి తొట్టి పొడవు ఎక్కువ! నేల ఎత్తు 65 సెంటీమీటర్లు, మోకాలికి కాస్త పైన. మూడు వైపులా గోడలు కిందికి దిగుతాయి. 350 కిలోలకు మించి వేయకూడదు, నిజమే. కానీ ఒక చిన్న రైతు ఒక పూట తీసుకెళ్ళే కూరగాయలకు అది చాలు. పాతికేళ్ళు నిండిన విదేశీ బండ్లను తెచ్చుకోవచ్చన్న నిబంధన పట్టుకుని అమెరికన్ రైతులే పాత కెయి ట్రక్కులు దిగుమతి చేసుకుంటున్నారు. కొన్ని రాష్ట్రాలు రిజిస్ట్రేషన్ ఇవ్వనంటే కొట్లాడి మరీ నడుపుకుంటున్నారు. కొత్తవి రాకుండా భద్రతా నిబంధనలతో పాటు 1964లో అధ్యక్షుడు లిండన్ జాన్సన్ వేసిన 25 శాతం సుంకం అడ్డుపడుతోంది. ఐరోపా వాళ్ళు అమెరికా కోళ్ళ మీద వేసిన పన్నుకు కక్షగా వేసిన సుంకం అది. కోళ్ళ గొడవ ఎప్పుడో సద్దుమణిగింది, సుంకం మిగిలింది. ఆ గోడ చాటున పోటీ లేకుండా పెరిగినవే ఇప్పటి భారీ బండ్లు.

మన టాటా ఏస్‌దీ ఇదే దారి. 2005లో రెండుంపావు లక్షల ధరతో, రెండు సిలిండర్ల 702 సీసీ డీజిల్ ఇంజిన్‌తో వచ్చింది. మొత్తం పొడవు 3.8 మీటర్లయితే అందులో 2.2 మీటర్లు తొట్టే, అంటే ఏడడుగుల పైమాట. ముప్పావు టన్ను మోస్తుంది. చక్రాలు పన్నెండు అంగుళాలు కాబట్టి నేల కిందికే ఉంటుంది. మదనపల్లెలో టమాటా క్రేట్లు ఎక్కించేవాడు గొళ్ళేలు తీసి పక్క గోడ దించేస్తాడు. కింద నిలబడ్డ మనిషి క్రేటును అలా లోపలికి తోస్తే చాలు, పైనున్నవాడు అందుకుని పేర్చుకుంటూ పోతాడు. ఎవరూ తొట్టిలోకి దూకనక్కర్లేదు, ఎవరూ వెనక నుంచి ముందుదాకా మూట ఈడ్చనక్కర్లేదు. సరుకు దించేటప్పుడు ఏ వైపు ఖాళీ ఉంటే ఆ వైపు గోడ దించొచ్చు. ఇరుకు సందులో, మార్కెట్ జనంలో ఇదెంత పెద్ద సౌకర్యమో ఒక్కసారి చూస్తే తెలుస్తుంది.

దీనికి ఎదురు వాదన లేకపోలేదు. ఇంటికి ఒక్క బండే కొనగలిగినవాడికి అందులోనే పిల్లలూ కూర్చోవాలి, వారానికోసారి సరుకూ రావాలి, అందుకే పెద్ద క్యాబిన్ అంటారు. గోడలు దిగే తొట్టి కొన్నాళ్ళకు దడదడలాడుతుంది, గొళ్ళేలు వదులవుతాయి, ఒకే ముక్కగా బిగించిన అమెరికన్ తొట్టి గట్టిగా ఉంటుంది, తాళం వేసుకోవచ్చు అంటారు. ఒక్క బండి వాదన నేనూ ఒప్పుకుంటాను. అలాంటి కుటుంబానికి ఫోర్డ్ 2021లో తెచ్చిన మావరిక్ సరిపోతుంది. ఇరవై వేల డాలర్ల లోపు ధరకు మొదలుపెట్టారు, తొట్టి నాలుగున్నర అడుగులే అయినా గోడలు తక్కువ ఎత్తు, చెక్కలు నిలబెట్టుకోవడానికి లోపల గాడులు ఇచ్చారు. కొత్త పికప్పుల్లో వాడేవాడిని తలుచుకుని గీసిన బండి అదొక్కటే అనిపిస్తుంది. ఇక గొళ్ళేల వదులు సంగతి. వంద రూపాయలకు వెల్డింగ్ చేయించుకునే సమస్యను, నడుం విరిగే సమస్యను ఒకే త్రాసులో వేయడం కుదరదు.

వెల్డింగ్ అంటే గుర్తొచ్చింది. మన దగ్గర పికప్ డిజైన్ కంపెనీ గేటు దగ్గర పూర్తవదు, విజయవాడ ఆటోనగర్‌లో పూర్తవుతుంది. కొత్త బొలెరో పికప్ కొన్నవాడు పూజ చేయించి నేరుగా అక్కడికే తీసుకెళ్తాడు. తొట్టి అడుగున గళ్ళ రేకు పరిపిస్తాడు, లేకపోతే సిమెంటు బస్తాలు, ఇనుప ఊచలు రాసుకుని రెండేళ్ళకే తుప్పు పడుతుంది. గోడల మీద ఇనుప గ్రిల్ లేపిస్తాడు. బయట వైపు తాడు కట్టే కొక్కేలు అదనంగా పెట్టిస్తాడు, ఎందుకంటే కంపెనీ ఇచ్చినవి పత్తి లోడుకు చాలవు. క్యాబిన్ వెనక ఒక కడ్డీ అడ్డంగా వేయిస్తాడు, తాడు బిగించేటప్పుడు కాలు తన్నిపెట్టడానికి. ఏ సరుకుకు ఏం కావాలో ఆ వెల్డర్‌కు తెలుసు, కొబ్బరి బోండాల బండికీ కోళ్ళ బండికీ ఒకే కొలత పెట్టడు. నాలుగు దశాబ్దాలు దాటిన ఈ అనుభవాన్ని ఏ కంపెనీ డిజైన్ విభాగమైనా కూర్చోబెట్టుకుని అడిగిందా అన్నది నా ప్రశ్న. సగం మార్పులు అందరూ చేయించుకుంటున్నారంటే, ఆ సగం ఫ్యాక్టరీలోనే రావాలని అర్థం.

ఇప్పుడు గుంటూరు మిర్చి యార్డుకు రండి. ఒక్కో టిక్కీ, అంటే మిర్చి మూట, నలభై కిలోల పైమాట. ఇద్దరు పట్టి లేపితే ఒకడి వీపు మీద పడుతుంది. అతను వంగి నడుస్తూ బండి దగ్గరకొచ్చి వీపు తిప్పి వదలాలి. తొట్టి నేల అతని నడుము ఎత్తులో ఉంటే మూట దానంతటదే జారుతుంది. అంతకంటే జానెడు ఎత్తున్నా మళ్ళీ ఒకసారి భుజంతో ఎగదోయాలి. రోజుకు వందల మూటలు, వందలసార్లు ఎగదోత. గోదావరి జిల్లాల్లో ధాన్యం బస్తాను ఇప్పటికీ 75 కిలోలుగానే లెక్క కడతారు. మగ కార్మికుడు ఎత్తే బరువు 55 కిలోలు దాటకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫారసు చేసింది. మనం ఇంజిన్ బీహెచ్‌పీ చూస్తాం, మైలేజీ చూస్తాం, ఈఎంఐ చూస్తాం. తొట్టి ఎత్తు ఎంత అని షోరూమ్‌లో అడిగేవాళ్ళు అరుదు. అడగాల్సిన మనిషి షోరూమ్‌కు రాడు, బండి అతని పేరు మీద ఉండదు. మన దేశంలో పనిముట్టు ఏదైనా కథ ఇదే. కొనేది ఒకరు, వాడేది ఒకరు. నొప్పి వాడేవాడిది కాబట్టి కొనేవాడికి లెక్కలోకి రాదు. తట్ట, పార, గంప దగ్గర్నుంచి పికప్ దాకా పనిచేసేవాడి శరీరాన్ని కొలిచి తయారుచేసిన వస్తువు నాకు దాదాపు కనపడదు.

ఈ నిర్లక్ష్యం మూటలతో ఆగితే బాగుండేది. జనవరి నుంచి మిరప కోతలు మొదలైతే పల్నాడు, ఖమ్మం రోడ్ల మీద తెల్లవారుజామున ఏ పికప్ చూసినా తొట్టి నిండా ఆడకూలీలే. గ్రిల్ పట్టుకుని నిలబడ్డవాళ్ళు, అంచు మీద కూర్చున్నవాళ్ళు. ఒక మలుపులో బోల్తా కొడితే మరుసటి రోజు జిల్లా పేజీలో వార్త, నష్టపరిహారం ప్రకటన, అంతటితో సరి. సరుకు బండిలో మనుషుల్ని ఎక్కించకూడదని చట్టం ఉంది. సరుకు బండిలో ఊరికే ప్రయాణించేవాళ్ళకు బీమా కంపెనీ బాధ్యత ఉండదని ఆశా రాణి కేసులో సుప్రీంకోర్టు 2002లో తేల్చింది. 1994 సవరణ తర్వాత సరుకు యజమానికి, లేదా అతని ప్రతినిధికి మాత్రం బీమా వర్తిస్తుంది. అంటే అదే బండిలో పోతున్న ఇద్దరిలో క్యాబిన్‌లో కూర్చున్న మిర్చి సొంతదారుకు రక్షణ ఉంది, తొట్టిలో నిలబడ్డ మిర్చి కోసే మనిషికి లేదు. ఇరవై మంది కోత కూలీలకు ఏ డిజైన్ పికప్పూ సరిపోదు, వాళ్ళకు బస్సే కావాలి. పెళ్ళిళ్ళకు, తీర్థయాత్రలకు అద్దెకిచ్చే ఆర్టీసీ బస్సులను కోతల నాలుగు నెలలు మండలానికి కొన్ని చొప్పున తెల్లవారుజామున ఎందుకు తిప్పకూడదో రెండు ప్రభుత్వాలూ చెప్పాలి.

లోడుతో పాటు వెళ్ళే నలుగురు హమాలీల సంగతి వేరు. వాళ్ళు బండితోనే పోవాలి, బండితోనే రావాలి. ఇప్పుడు మూటల మీద కూర్చుని పోతున్నారు. వాళ్ళకు సీటు ఇవ్వడం డిజైన్ చేసేవాళ్ళ చేతిలోని పనే. రెండు వరుసల క్యాబిన్ చేయడం మన కంపెనీలకు రాక కాదు. బొలెరో క్యాంపర్ అలాంటిదే, కాంట్రాక్టర్లు ఏళ్ళ తరబడి వాడుతున్నారు. మన శ్రీసిటీలో 2016లో మొదలైన ఇసుజు ఫ్యాక్టరీ ఒకే చోట రెండు రకాలూ చేస్తోంది. అయిదుగురు దర్జాగా కూర్చునే వీ-క్రాస్ అక్కడిదే, టన్నుకు పైగా మోసే ఒంటి క్యాబిన్ డీ-మ్యాక్స్ కూడా అక్కడిదే. సీట్లున్న బండి సరదాగా తిరిగేవాళ్ళకు అమ్ముతున్నారు, పనివాళ్ళ బండికి రెండో వరుస లేదు.

లెక్క వేసి చూద్దాం. బొలెరో మాక్స్ పికప్‌లో రెండు టన్నుల రకం తొట్టి పది అడుగులు. బెల్టులతో ఒక వరుస సీట్లు వేయడానికి మూడడుగులు చాలు. మిగిలిన ఏడడుగులు టాటా ఏస్ తొట్టికి దాదాపు సమానం. నలుగురు మనుషుల బరువు తీసేసినా టన్నున్నర పైగా మోసే శక్తి ఉంటుంది. అమెరికాలో ఎన్నడూ మూట ముట్టనివాళ్ళను కూర్చోబెట్టడానికి తొట్టి కోశారు, దాన్ని నేను తప్పంటున్నాను. ఇక్కడ కూర్చునేది ఆ మూటలు ఎత్తేవాళ్ళే. వాళ్ళ కోసం మూడడుగులు కోస్తే కాదనే రైతు ఉండడు. అలాంటి బండికి వాహన పన్నులో రాయితీ, సీటుకు ఇంత చొప్పున హమాలీ బీమా కలిపి ఇస్తే మొదటి ఏడాదే ఆర్డర్లు వస్తాయి. టాటా, మహీంద్రా, ఇసుజుల్లో ఎవరు ముందు చేస్తారో చేయనివ్వండి.