ఉత్తర ప్రత్యుత్తరాలకు తావు ఉండాలి

సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచనలకు ఏటా ప్రపంచ సైన్స్ ఫిక్షన్ సదస్సు సభ్యులైన పాఠకుల ఓట్లతో హ్యూగో పురస్కారాలు ఇస్తారు. 2023లో ఆ సదస్సు చైనాలోని చెంగ్డూలో జరిగింది. ఆ ఉదంతం తర్వాత హ్యూగోల పరువు పోయిందని, పాఠకుల ఓటు కన్నా పెద్దల కమిటీయే నయమని కర్నూలు, అనంతపురం సాహిత్య మిత్రులు కూడా అనడం మొదలుపెట్టారు. ఈ మాటను నేను ఒప్పుకోను. చెంగ్డూలో తప్పు చేసింది నిర్వాహకులు. ఆ తప్పును పట్టించింది ఓట్ల లెక్క.

ఏం జరిగిందో ఈ రంగాన్ని గమనించేవారికి తెలుసు. 2023లో ఆర్.ఎఫ్. కువాంగ్ నవల 'బేబెల్'కు నామినేషన్లు దండిగా వచ్చినా తుది జాబితాలో చోటు దక్కలేదు. కొత్త రచయితలకిచ్చే ఆస్టౌండింగ్ పురస్కారం దగ్గర షిరాన్ జే ఝావోకూ అదే జరిగింది. కారణం అడిగితే 'అనర్హం' అన్న ముక్క తప్ప జవాబు లేదు. చైనాకు ఇబ్బంది కలిగించే రాతలేమైనా ఉన్నాయా అని నిర్వాహకులే రచయితల రాతలను జల్లెడ పట్టిన సంగతి తర్వాత ఈమెయిళ్లలో బయటపడింది. ఇదంతా కదిలింది ఒక్క నియమం వల్ల: సదస్సు ముగిసిన 90 రోజుల్లోగా ఓట్ల లెక్కలను ప్రజల ముందు పెట్టి తీరాలి. ఆ నియమమే లేకపోతే 'బేబెల్' ఎవరికీ నచ్చలేదు కాబోలు అనుకుని ఊరుకునేవాళ్లం.

మరుసటి ఏడు గ్లాస్గో సదస్సులో నిర్వాహకులు 3,813 ఓట్లలో 377 ఓట్లను దొంగ ఓట్లుగా తేల్చి పక్కన పెట్టారు. ఆ సంగతి ఫలితాలకు ముందే చెప్పారు. ఎన్ని ఓట్లు, ఎందుకు తీసేశారు, దానివల్ల ఏం మారింది అన్నీ వివరించారు. చెంగ్డూ మచ్చను తుడవడానికి అంతకు మించిన మార్గం లేదు.

నన్ను అన్నిటికన్నా ఆకట్టుకునేది ఆ లెక్కింపు పద్ధతి. మన సీమ పాఠకులకు అది ఇట్టే అర్థమవుతుంది. ఊళ్లో వందమందిలో ఎనభై మంది తలా ఒకరికి ఓటేసి చెదిరిపోతే, కట్టుగా నిలబడ్డ ఇరవై మంది పంచాయతీని ఎగరేసుకుపోతారు. 2015లో హ్యూగోకు పట్టిన గతి అదే. 'పప్పీలు' అని పేరుపడ్డ రెండు వర్గాలు తమ జాబితాలను ముందే పంచిపెట్టి తుది పోటీని నింపేశాయి. హ్యూగో తుది ఓటింగులో పుస్తకాలతో పాటు 'ఎవరికీ వద్దు' అన్నది కూడా ఒక అభ్యర్థి. పాఠకులు దాన్నే గెలిపించి, ఐదు విభాగాల్లో పురస్కారం ఎవరికీ దక్కకుండా చేశారు.

ఆ కోపంతోనే ఆగిపోకుండా వాళ్లు లెక్కింపునే మార్చుకున్నారు. 2017 నుంచి ఒక్కో నామినేషన్ పత్రానికి ఒక్కో విభాగంలో ఉండేది ఒకే పాయింటు. పత్రంలోని రచనల్లో పోటీలో మిగిలినవాటి మధ్య ఆ పాయింటు సమానంగా పంపిణీ అవుతుంది. అతి తక్కువ పాయింట్లున్న రెండు రచనలను పక్కపక్కన పెట్టి, ఎక్కువ మంది పేర్కొన్నదాన్ని ఉంచి రెండోదాన్ని తీసేస్తారు. దాని వాటా ఆ పత్రాల్లో మిగిలిన రచనలకు చేరుతుంది. ఆరు మిగిలే దాకా ఇదే తంతు. ఒకే జాబితాను మూకుమ్మడిగా నింపినవారి రచనలు ఒకదాని పాయింట్లు ఒకటి తినేస్తాయి. నచ్చిన ఒక్క పుస్తకం పేరే రాసిన ఒంటరి పాఠకుడి పాయింటు మాత్రం చెక్కుచెదరదు. ముఠాను నిషేధించకుండానే దాని బలాన్ని కోసేసే ఇంత చక్కటి పద్ధతి మరో సాహిత్య పురస్కారంలో నాకు కనిపించలేదు.

న్యాయనిర్ణేతల పద్ధతికీ బలముంది, కాదనను. 1975 నుంచి ఇస్తున్న వరల్డ్ ఫాంటసీ పురస్కారంలో దాని సొంత సదస్సు సభ్యుల ఓట్లతో రెండు రచనలు జాబితాలోకి వస్తాయి. మిగిలినవాటినీ, విజేతనూ తేల్చేది ఐదుగురు న్యాయనిర్ణేతలు. చిన్న ప్రచురణకర్త వేసిన పుస్తకం కూడా వారి బల్ల మీదికి చేరుతుంది. ఓటరు తాను చదివినదానికే ఓటేస్తాడు, చదవనిదాన్ని ఊహించి వేయలేడు. కానీ ఐదుగురి మధ్య ఏం నడిచిందో మనకు తెలిసే దారి లేదు. అక్కడ చెంగ్డూ లాంటిది జరిగితే పట్టించే కాగితమే ఉండదు.

మన దగ్గర పరిస్థితి ఇంకా ఘోరం. తల్లిదండ్రుల పేరిట, గురువుల పేరిట ఇచ్చే స్మారక పురస్కారాల ప్రకటనలు చూడండి. 'నాలుగు ప్రతులు పంపాలి, న్యాయనిర్ణేతలదే తుది నిర్ణయం, ఉత్తర ప్రత్యుత్తరాలకు తావు లేదు.' కడపలో అయినా, అనంతపురంలో అయినా అవే మూడు వాక్యాలు. ఎన్ని పుస్తకాలు వచ్చాయో, చివరి వడపోతలో ఏవి నిలిచాయో ఎవరూ చెప్పరు. కేంద్ర సాహిత్య అకాడమీ ఫలితాలతో పాటు ముగ్గురు న్యాయనిర్ణేతల పేర్లు ప్రకటిస్తుంది, అది మెచ్చుకోదగ్గదే. అయినా ఏ పుస్తకం మీద ఎవరేమన్నారో పాఠకుడికి చేరదు.

ఈ చీకటిలో ఎక్కువగా నష్టపోయింది మన అద్భుత కల్పనా సాహిత్యమని నా నమ్మకం. రాయలసీమ రచయిత అంటే కరువు రాయాలి, ఫ్యాక్షన్ రాయాలి అన్న అంచనా గట్టిపడిపోయింది. 1996లో కేతు విశ్వనాథరెడ్డికి, 2019లో బండి నారాయణస్వామికి అకాడమీ పురస్కారాలు వచ్చాయి. ఇద్దరూ వాటికి నూటికి నూరుపాళ్లు అర్హులు. నా తగాదా వారితో కాదు. సీమ నుంచి మరో రకం కథ వస్తే గుర్తుపట్టే కళ్లు కమిటీల్లో ఉన్నాయా అన్నది నా ప్రశ్న. బ్రహ్మ సరస్వతికి ఏకాంతంలో చెప్పిన కథ భూమ్మీద నిజమై నడిచే కళాపూర్ణోదయాన్ని పింగళి సూరన 16వ శతాబ్దంలో అంకితమిచ్చింది నంద్యాల కృష్ణరాజుకే. యాగంటి బసవన్న కలియుగాంతాన రంకె వేస్తాడని ఇక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు. బ్రహ్మంగారి కాలజ్ఞానం పుట్టిన నేల ఇది. ఇలాంటి చోట అద్భుత కథను 'పిల్లల సరుకు' అని పక్కన పెట్టే అధికారం ఎవరిచ్చారు?

అందరూ ఒకరికొకరు తెలిసిన చిన్న లోకం మనది, మార్కులు బయటపెడితే తగవులు వస్తాయని నిర్వాహకులు అంటారు. అయితే న్యాయనిర్ణేతల పేర్లు చెరిపేసి మార్కులే బయటపెట్టండి. అదీ కష్టమైతే, రాబోయే ఉగాదికి కనీసం అందిన పుస్తకాలన్నిటి పేర్లూ, చివరి ఐదింటి పేర్లూ ఒక కాగితం మీద అచ్చువేసి సభలో పంచండి. సీమలో ఫాంటసీ ఎవరూ రాయడం లేదా, రాసి పంపుతున్నా మొదటి వడపోతలోనే ఆగిపోతోందా? ఇవాళ ఈ ప్రశ్నకు జవాబివ్వగలిగేది ఆ కమిటీలు మాత్రమే. ఆ కాగితం మా చేతికి ఇస్తే మిగతాది పాఠకులం మేం చూసుకుంటాం.