సవరణ: బీ8 సింబల్స్ ఇత్తడివి కావు

తిరుపతిలో డ్రమ్స్ నేర్చుకుంటున్న పిల్లల కోసం సింబల్స్ (డ్రమ్స్‌తో పాటు పుల్లతో వాయించే గుండ్రని లోహపు పళ్లేలు) ఎంపికపై మొన్న రాసిన టపాలో, బీ8 రకాన్ని ఇత్తడిగా పేర్కొనడం నా పొరపాటు. ఇత్తడి రాగి, జింకుల మిశ్రమం కాగా, బీ8 మాత్రం 92 శాతం రాగిలో 8 శాతం తగరం కలిపిన కంచు. బీ20 అనే మరో రకం కంచులో తగరం 20 శాతం ఉంటుంది కనుక దాని నాదం మరింత గాఢంగా వినిపిస్తుంది. మా ఇంటి భజన తాళాల పక్కన రెండు సింబల్స్ పెట్టి పుల్ల కొనతో తట్టినప్పుడే నాకు అనుమానం వచ్చింది: ఇత్తడిది మొద్దుగా మోగి చప్పున ఆగిపోయింది, బీ8 మాత్రం పదునుగా మోగి కాసేపు నిలిచింది. ఇత్తడి కదా అని బీ8ను వద్దన్న సలహాను వెనక్కి తీసుకుంటున్నాను. కొత్తవారికి అది చాలు. ఆ టపాలోనే రైడ్ (లయను నిలకడగా వాయించే సింబల్), క్రాష్ (ఒక్కసారిగా గట్టిగా మోగించే సింబల్) కొలతలనూ తారుమారు చేశాను: సాధారణంగా 20 అంగుళాలది రైడ్, 16 లేదా 18 అంగుళాలది క్రాష్.