హాలోవీన్ పిల్లల పండగ ఎప్పుడైంది?

వేషాలు కట్టుకుని ఇంటింటికీ తిరిగి మిఠాయి అడిగే పండగ హాలోవీన్. టెక్సస్‌లో ఉండే మా బావ కిందటేడు ఆ పండగకి, అక్టోబరు 31న, యముడి వేషం కట్టాడు. నలభై ఆరేళ్ల మనిషి. అట్టపెట్టె కత్తిరించి చేసిన కిరీటం, నల్ల దుప్పటితో పంచె, థర్మోకోల్ గద. ఫొటో కుటుంబం వాట్సాప్ గ్రూపులో పడగానే రాజమండ్రి నుంచి మా మేనత్త, అంటే ఆయన కన్నతల్లి, ఒకటే ముక్క పెట్టింది: "ఈ వయసులో ఏంట్రా ఈ వేషాలు?" దాని కింద వరసగా నవ్వు బొమ్మలు. బావ పక్షాన ఒక్కరూ మాట్లాడలేదు. నేనూ నవ్వు బొమ్మే పెట్టాను. ఆ తప్పు దిద్దుకోవడానికే ఇది రాస్తున్నాను.

అత్త మాటలో రెండు అభియోగాలున్నాయి. ఒకటి వయసు, రెండోది వేషాలు. మొదటిది చరిత్ర తెలియక అన్నది. రెండోది అత్త ఒక్కదానిదే కాదు, మన భాషదే. స్టేజీ మీద కడితే వేషం కళ. అదే మాట బహువచనమైతే తిట్టు: వేషాలెయ్యకు, దొంగ వేషాలు, నీ వేషాలు నా దగ్గరా? అలా ఎందుకైందన్న దాని మీద నాకో అనుమానం ఉంది, తర్వాత చెబుతాను.

ముందు వయసు సంగతి. పాతకాలపు సెల్టు జాతి జనాల సావిన్ పండగ, దీపం పెట్టడానికి టర్నిప్ దుంప పోయి గుమ్మడికాయ రావడం, ఐర్లండ్ కరువు, వలసలు... ఇవన్నీ ఏటా అక్టోబరులో అందరూ రాసేవే. ఆ చరిత్రలో చాలా దూరం వరకూ ఇది పిల్లల పండగ కాదన్నది మాత్రం ఎవరూ గట్టిగా చెప్పరు. స్కాట్లండ్ కవి రాబర్ట్ బర్న్స్ 1785లో ఈ రాత్రి గురించే ఒక పెద్ద పద్యం రాశాడు. అందులో సందడంతా పెళ్లీడుకొచ్చిన అబ్బాయిలూ అమ్మాయిలదే. కళ్లు మూసుకుని పెరట్లోకెళ్లి కేల్ అనే క్యాబేజీ జాతి ఆకుకూర మొక్క పీకుతారు. కాడ తిన్నగా ఉందా వంకరగా ఉందా అన్నదాన్ని బట్టి కాబోయే మొగుడో పెళ్లామో ఎలా ఉంటారో జోస్యం. వేరుకి మట్టి అంటుకుని వస్తే కట్నం బాగా ముడుతుందని లెక్క. (కట్నం లెక్కలు మనకొక్కళ్లకే ఉన్నాయనుకునేవాళ్లకు ఇదో ఊరట.)

ఇంకా వెనక్కి వెళ్తే ఇంగ్లండులో హాలోవీన్ మర్నాటి నుంచి, అంటే నవంబరు మొదటి రెండు రోజులూ, పేదవాళ్లు ఇంటింటికీ తిరిగేవారు. ఆ ఇంట్లో పోయినవాళ్ల ఆత్మశాంతికి ప్రార్థన చేస్తామనేవారు, బదులుగా ఒక చిన్న రొట్టె పుచ్చుకునేవారు. షేక్‌స్పియర్ నాటకంలో ఒక పనివాడు తన యజమాని ప్రేమబాధని వెక్కిరిస్తూ, ఈ పండగనాటి బిచ్చగాడిలా మూలుగుతున్నావంటాడు. అంటే చూసేవాళ్లకు ఆ పోలిక వెంటనే అందేదన్నమాట. గుమ్మం ముందు చెయ్యి చాపింది పెద్దవాళ్లు, అదీ ఆకలితో.

మరి పిల్లల చేతికి ఎలా వచ్చింది? కుర్రకారు అల్లరిని అదుపులో పెట్టడానికి. హాలోవీన్ రాత్రి మరుగుదొడ్లు పడదోయడం, పశువుల్ని వీధుల్లోకి వదిలేయడం అమెరికాలో మామూలైపోతే, మిన్నెసోటా రాష్ట్రంలోని అనోకా పట్టణం 1920లో ఊరేగింపు పెట్టి ఆ గోలను ఒక దారికి తెచ్చింది. 'ట్రిక్ ఆర్ ట్రీట్' కూడా ఆ లంచం ఆలోచనే: మిఠాయి పెడతాం, అల్లరి మానండి. రెండో ప్రపంచ యుద్ధంలో పెట్టిన పంచదార రేషన్ అమెరికాలో 1947 దాకా నడిచింది. అది ఎత్తేశాకే ఇవాళ మనం చూసే పండగ ఇల్లిల్లూ పాకింది. 'పిల్లల సంప్రదాయం' అని మనం అనుకుంటున్నదాని వయసు ఎనభై ఏళ్ల లోపే. మా అత్తదీ ఇంచుమించు అంతే.

పెద్దవాళ్లు ఆ రాత్రిని పూర్తిగా వదులుకోనూ లేదు. మగవాళ్లు ఆడ దుస్తులు వేసుకుంటే నేరమని శాన్‌ఫ్రాన్సిస్కో నగరం 1863లో చట్టం చేసింది. అది 1974 దాకా పుస్తకాల్లో ఉంది. ఆ రోజుల్లో పోలీసులు చూసీచూడనట్టు పోయే రాత్రి హాలోవీన్. ఏడాదంతా దాక్కున్నవాళ్లు ఆ ఒక్కనాడు వీధిలో నడిచేవారు. అదే 1974లో న్యూయార్క్ గ్రీనిచ్ విలేజ్‌లో రాల్ఫ్ లీ అనే ముసుగుల కళాకారుడు పిల్లల్నీ స్నేహితుల్నీ వెంటేసుకుని సరదాగా వీధుల వెంట నడిచాడు. ఇవాళ సిక్స్త్ అవెన్యూ నిండిపోయే ఊరేగింపు అదే. డబ్బు లెక్క కావాలన్నా ఉంది: 2023లో నేషనల్ రిటైల్ ఫెడరేషన్ అనే వ్యాపారుల సంఘం అంచనా ప్రకారం అమెరికన్లు పిల్లల వేషాలకు పెట్టే ఖర్చు 140 కోట్ల డాలర్లు, పెద్దల వేషాలకు 200 కోట్లు. కుక్కలకూ పిల్లులకూ మరో 70 కోట్లు. కుక్కని ఎవరూ "ఈ వయసులోనా" అని అడగరు.

కాదనేవాళ్ల మాటా విందాం. ఇది వట్టి వ్యాపారం అంటారు. నిజమే, అయితే అక్షయ తృతీయ రోజు బంగారం కొట్టు ముందు నిలబడి ఆ మాట అనడానికి దమ్ము కావాలి. మన సంస్కృతి కాదంటారు. తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరలో బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి అని రోజుకో వేషం వేసేది పెద్దవాళ్లు కూడానండీ. మీసాలు తీసి చీర కట్టుకున్న మగవాళ్లు నడివీధిలో నడుస్తారు, కుచ్చిళ్లు సర్దేది ఇంట్లో ఆడవాళ్లే. ఇక దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లోని ఇతేవాన్ పేట. 2022 అక్టోబరు 29న అక్కడ హాలోవీన్ జనసందోహంలో నలిగి 159 మంది ప్రాణాలు పోయిన సంగతి తలుచుకుంటే ఎవరికైనా గొంతు పట్టేస్తుంది. కానీ తొక్కిసలాట జరిగింది రాత్రి పది దాటాక, ప్రమాదం ముంచుకొస్తోందని పోలీసులకు తొలి ఫోన్ వెళ్లింది సాయంత్రం ఆరున్నరకే. అక్కడ తప్పింది జనాన్ని చూసుకోవాల్సినవాళ్ల బాధ్యత. పుష్కరాల్లో తొక్కిసలాట జరిగితే గోదావరిని తప్పుపడతామా?

ఇప్పుడు అసలు సంగతి. వర్జీనియాలో ఒక పాత చట్టం ఉంది. నల్లవాళ్ల మీద దాడులు చేసిన కూ క్లక్స్ క్లాన్ ముఠా ముసుగుల్ని దృష్టిలో పెట్టుకుని చేసింది. పదహారేళ్లు దాటినవాళ్లు ముఖం దాచుకుని బయట తిరగకూడదు, పండగ వేషాలకు మాత్రం మినహాయింపు. అంటే పండగనాడు పెద్దవాడు ముసుగేసుకుంటే ఆ రాష్ట్రానికి అభ్యంతరం లేదు. అదే రాష్ట్రంలోని చెసపీక్ నగరం 1970లో ఇంకో చట్టం చేసింది: పన్నెండేళ్లు దాటినవాళ్లు ఇంటింటికీ తిరిగి మిఠాయి అడిగితే ఆరు నెలల దాకా జైలు. 2019లో జైలు తీసేసి, వయసు పద్నాలుగుకు పెంచారు.

రెండు చట్టాలూ పక్కపక్కన పెట్టి చూడండి. వేషం కట్టొచ్చు, అడగకూడదు. నాలుగేళ్ల పిల్ల సంచి చాపితే ముచ్చట. పదిహేడేళ్లవాడు, అందులోనూ ఒళ్లు నల్లగా ఉన్నవాడు, అదే గుమ్మం ముందు అదే సంచి చాపితే లోపల గుండె దడ. అడిగింది అదే చాక్లెట్టు. మనకు బెరుకు వేషమంటే కాదు, పెద్దవాడి చెయ్యి చాపడమంటే.

మా అత్త మాటలో ఉన్నదీ ఈ బెరుకేనని నా అనుమానం. మన ఊళ్లలో గుమ్మం ముందుకి వేషంతో వచ్చినవాళ్లెవరో గుర్తుచేసుకోండి. తల మీద అక్షయపాత్రతో హరిదాసు, గంగిరెద్దులాయన, తెల్లారకముందే బుడబుక్కలాయన, పగటివేషగాళ్లు. అంతా పెద్దవాళ్లే. పగటివేషగాళ్లు సోమయాజులు, సోమిదేవమ్మ వేషాలు కట్టి ఊరి పెద్దల్ని వాళ్ల అరుగుల ముందే వెక్కిరించేవారు, వెళ్లేటప్పుడు ఆ పెద్దల దగ్గరే సంభావన పుచ్చుకునేవారు. ట్రిక్కూ ట్రీటూ రెండూ అందులోనే ఉన్నాయి. మా ఇల్లు గుమ్మానికి లోపలివైపు. చేటలో బియ్యం తేవడం మా వంతు, వేషం కట్టడం వాళ్ల కులం వంతు. వేసేవాడు అడిగేవాడు, చూసేవాడు పెట్టేవాడు అని తరాల తరబడి చూసీ చూసీ, వేషం అనే మాటకే ఆ నామోషీ అంటుకుంది. అందుకే కొడుకు కిరీటం పెట్టుకుంటే తల్లికి నవ్వులాట కనిపించలేదు, గుమ్మం అవతల నిలబడ్డ కొడుకు కనిపించాడు.

అందుకే పెద్దవాళ్లు ఈ పండగ చేసుకోవాలంటున్నాను. ఆఫీసు పార్టీలో వేషం కట్టి ఫొటో దిగి ఇంటికి పోవడం కాదు, గడప దాటి వెళ్లి అడగాలి. అమెరికాలో మనవాళ్ల జీవితం చూస్తే ఇది ఇంకా అవసరమనిపిస్తుంది. గ్యారేజీ తలుపు లేస్తుంది, కారు లోపలికి పోతుంది, తలుపు దిగుతుంది. బతుకమ్మయినా సంక్రాంతయినా అద్దెకు తీసుకున్న స్కూలు హాల్లోనే, వచ్చేదీ మనవాళ్లే. పదేళ్లుగా పక్కింట్లో ఉన్నాయన పేరు తెలియదు. ఊరూ పేరూ తెలియనివాడు తలుపు తట్టినా జనం నవ్వుతూ తీసే రాత్రి ఏడాదికి ఒక్కటే ఉంది, అదీ పిల్లలకు వదిలేసి మనం చేతులు కట్టుకుని కాలిబాట మీద నిలబడుతున్నాం.

మొన్న ఫోన్లో బావని అడిగాను, ఆ రాత్రి ఏం జరిగిందని. కూతురి వెనకాలే వీధంతా తిరిగాడట. చివరింట్లో ఒక ముసలావిడ పాప సంచిలో చాక్లెట్లు వేసి, గద పట్టుకున్న ఈ నల్లదుప్పటి ఆసామిని ఎగాదిగా చూసి, ఇంకోటి తీసి ఆయన వైపు చాపిందట. బావ వద్దని చెయ్యి ఊపాడు.

"ఎందుకు వద్దన్నావు బావా?"

"మొహమాటంరా."

ముఖాన అంగుళం మందం రంగు, చేతిలో గద, యమధర్మరాజంతటివాడు. అయినా మొహమాటం వదల్లేదు. ఈ ఏడు చెయ్యి వెనక్కి తీసుకోవద్దని గట్టిగా చెప్పాను. వచ్చేవారం మా ఊరాయన ఒకరు డాలస్ వెళ్తున్నారు. పచ్చళ్లతో పాటు ఒక గుడ్డ సంచి కూడా ఇచ్చి పంపుతున్నాను, పెద్దదే.