గన్నవరం నుంచి వైజాగ్‌కి నిజంగా ఎంతసేపు?

విజయవాడ (గన్నవరం), విశాఖ విమానాశ్రయాల మధ్య దూరం దాదాపు 290 కిలోమీటర్లు, విమానంలో ప్రయాణం గంట అని ఒకచోట రాశారు. లెక్క సరైనదే, కానీ ఆ 290 గాల్లో సూటిగా కొలిచిన దూరం. రైల్లో అదే 350. ఇక ఆ గంటలో గాల్లో ఉండేది ముప్పావు గంటే. మిగతాది రన్‌వే దాకా వెళ్లడం, దిగాక గేటు చేరడం. ఏటీఆర్ అనే చిన్న ప్రొపెల్లర్ విమానం గంటకు 500 కిలోమీటర్ల వేగంతో పోతుంది కానీ, ఇంత తక్కువ దూరంలో అది పైకి లేవడం, కిందికి దిగడంతోనే సగం దారి అయిపోతుంది. మంచినీళ్లు ఇచ్చి వెనక్కి తిరిగేలోపే బెల్టులు పెట్టుకోమంటారు.

అసలు రాయాల్సింది ఇంటి నుంచి ఇంటికి పట్టే సమయం. బెజవాడ నుంచి గన్నవరం 20 కిలోమీటర్లు, పైగా గంట ముందే కౌంటర్ మూసేస్తారు. మొత్తం మూడున్నర గంటలు ఎక్కడికీ పోవు. వందే భారత్ నాలుగున్నర గంటల్లో ఊరి మధ్యలో దించుతుంది. దిగేది కొత్త భోగాపురం విమానాశ్రయమైతే అక్కణ్నుంచి వైజాగ్‌కి సుమారు 45 కిలోమీటర్లు, అది కూడా కలుపుకోవాలి. పెద్దవాళ్లని పంపేవాళ్లు టికెట్ కొనేముందు ఈ లెక్క తప్పకుండా చూసుకోండి.