అప్పుడు వద్దన్నా, అంతే

ఆ పేపర్ జిరాక్స్ నా చేతికిచ్చి ఆ రిటైర్డ్ హవల్దార్ కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. ఒకటే పేజీ. మేటర్ అంతా ఇంగ్లీష్‌లో టైప్ చేసుంది, నంబర్, ర్యాంక్, పేరు మాత్రం పెన్నుతో నింపారు, కింద ఆయన సంతకం. ఎన్నిసార్లు మడతపెట్టి తీశారో గానీ మధ్యలో ఒక లైన్ అరిగిపోయి అక్షరాలు కనబడట్లేదు. మిగిలిన దాంట్లో ఉన్నదేంటంటే, ఫలానా హవల్దార్ తనకి రావాల్సిన పై ర్యాంక్, నాయబ్ సుబేదార్ ప్రమోషన్‌ని ఇష్టపూర్వకంగా వదులుకుంటున్నాడు, ఇకముందు దీని మీద ఏ క్లెయిమూ చెయ్యడు. ఫౌజ్‌లో దీన్ని అన్‌విల్లింగ్ సర్టిఫికెట్ అంటారు. మిలిటరీలో పనిచేసిన వాళ్లు ఎవరింట్లో ఉన్నా ఈ మాట ఒక్కసారైనా వినే ఉంటారు.

ఆ రోజుల్లో ఆయన భార్యకి డయాలసిస్, వారానికి మూడు సార్లు, యూనిట్ ఉన్న చోటే మిలిటరీ హాస్పిటల్ ఉంది కాబట్టి ఎలాగో నడుస్తోంది. ప్రమోషన్ తీసుకుంటే వేరే యూనిట్, అది ఫీల్డ్‌లో ఉంది, ఫ్యామిలీని తీసుకెళ్లే చోటు కాదు. ఇద్దరు చిన్నపిల్లలు. ఆలోచించుకోడానికి ఒక్క సాయంత్రం టైమిచ్చారు, మర్నాడు సంతకం పెట్టేశారు. ఇప్పుడు భార్య లేరు, ఆయన రిటైరై ఏళ్లు గడిచాయి, ఆ ర్యాంక్‌ని కనీసం పెన్షన్ లెక్కకైనా తిరిగివ్వండని, సైనికుల సర్వీస్ ఫైళ్లు చూసే రికార్డ్ ఆఫీస్‌కి రాసుకుంటే రెండు లైన్ల జవాబొచ్చింది, మీరే వద్దన్నారు కాబట్టి కుదరదని.

"నేను ప్రమోషన్ వద్దనలేదండీ, అప్పుడు వద్దన్నా, అంతే" అన్నారాయన. ఈ వ్యాసంలో నేను చెప్పాలనుకున్నదంతా ఆ మాటలోనే ఉంది. ఆయనకి ఆ ర్యాంక్ ఇవ్వాలి. ఆయనలాంటి వాళ్లందరికీ, కుటుంబం కోసం ప్రమోషన్ వదులుకుని మిగతా సర్వీసంతా మచ్చ లేకుండా చేసిన ప్రతి ఒక్కళ్లకీ, రిటైరయ్యాక నోషనల్‌గా ఇవ్వాలి. నోషనల్ అంటే తెలిసిందే కదా, కాగితం మీద ర్యాంక్ ఇచ్చి దాని ప్రకారం పెన్షన్ కట్టడం, పాత జీతం బకాయిలు అడగకపోవడం.

ఒక ప్రమోషన్ పోతే పోయేది నెలకి కొంచెం జీతమే కదా అనుకునేవాళ్లకి వన్ ర్యాంక్ వన్ పెన్షన్ ఎలా పనిచేస్తుందో ఒకసారి గుర్తు చేయాలి. 2015 నవంబర్ 7న ఆర్డర్ ఇచ్చారు, 2014 జులై 1 నుంచి అమలు. ఒకే ర్యాంక్, ఒకే సర్వీస్ లెంగ్త్ ఉన్నవాళ్లకి ఎప్పుడు రిటైరైనా ఒకే పెన్షన్, ఐదేళ్లకోసారి మళ్లీ లెక్క. 2019 జులై నుంచి ఒకసారి, 2024 జులై నుంచి ఇంకోసారి రివైజ్ చేశారు. మంచి స్కీమే, మాజీ సైనికులు జంతర్‌మంతర్ దగ్గర నెలల తరబడి కూర్చుని సాధించుకున్నది. కానీ ఆ టేబుల్‌లో మీ గడి ఏదో తేల్చేది రెండే రెండు విషయాలు, ర్యాంకూ సర్వీసూ. ప్రమోషన్ వదులుకున్నవాడు ఈ రెండిట్లోనూ దెబ్బతింటాడు, ఎందుకంటే ఆర్మీలో ర్యాంక్ పెరిగితేనే ఎన్నేళ్లు ఉండనిస్తారన్నదీ పెరుగుతుంది, హవల్దార్‌గా ఆగిపోయినవాడు నాయబ్ సుబేదార్ కంటే ముందే ఇంటికొచ్చేయాలి. అంటే ఆ సంతకం ఒక్క ప్రమోషన్ తీసుకుని ఊరుకోలేదు, సర్వీస్‌లో ఏళ్లు తీసుకుంది, రివిజన్ జరిగిన ప్రతిసారీ కింది గడిలోనే కూర్చోబెడుతోంది, ఆయన పోయాక ఫ్యామిలీ పెన్షన్‌లో కూడా అదే లెక్క. మర్డర్ కేసులో జీవితఖైదు పడ్డవాడికైనా రెమిషన్ ఉంటుంది, ఈ సంతకానికి లేదు.

దీని పక్కన ఆఫీసర్ల విషయం పెట్టి చూడండి. ఆఫీసర్ల ప్రమోషన్ల మీద వేసిన ఏవీ సింగ్ కమిటీ సిఫార్సులు 2004 డిసెంబర్‌లో అమల్లోకి వచ్చాక పరీక్షలూ గట్రా పాసైన ఆఫీసర్ 13 ఏళ్ల సర్వీస్‌కి టైమ్ స్కేల్ మీద లెఫ్టినెంట్ కల్నల్ అయిపోతాడు, వేకెన్సీ కోసం ఎదురుచూడక్కర్లేదు. జవాన్‌కి, హవల్దార్‌కి అలా కాదు, వేకెన్సీ ఉండాలి, ప్రమోషన్ కోసం పెట్టే కేడర్ కోర్స్ పాసవ్వాలి, మెడికల్ కేటగిరీ బాగుండాలి, ఏటా పై ఆఫీసర్ రాసే ఏసీఆర్‌లు బాగుండాలి, అన్నీ కలిసొచ్చిన ఆ ఒక్క నెలలో ఇంట్లో ఏ కష్టమూ ఉండకూడదు. నేను ఆఫీసర్లకి వ్యతిరేకంగా చెప్పట్లేదు. కింది ర్యాంకుల్లో ప్రమోషన్ అనేది తలుపు తెరిచిన ఆ కాసేపట్లో దూరాల్సిందే, లేకపోతే లేదు.

ఇక అసలు పాయింట్‌కి వస్తున్నా, ఇది నన్ను చాలా రోజులుగా తొలిచేస్తోంది. చెయ్యని ర్యాంక్‌కి పెన్షన్ ఎలా ఇస్తాం అంటారు కదా, ఇదే ఆర్మీ అది ఆల్రెడీ ఇస్తోంది! హానరరీ నాయబ్ సుబేదార్ అని ఒకటుంది. మంచి సర్వీస్ చేసిన హవల్దార్లలో కొంతమందికి రిటైరయ్యాక ఆ గౌరవ ర్యాంక్ ఇస్తారు. ఆరో పే కమిషన్ తర్వాత వాళ్లని నాయబ్ సుబేదార్ పేలో ఉన్నట్టే నోషనల్‌గా లెక్కేసి పెన్షన్ కడుతున్నారు. ఆ మనిషి నాయబ్ సుబేదార్‌గా ఒక్కరోజు కూడా పనిచేసి ఉండడు, అయినా ఇస్తున్నారు, ఇవ్వాలి కూడా, ఎందుకంటే అది ఆయన సర్వీస్‌కి దేశం చూపించే మర్యాద. మరి అదే ర్యాంక్‌కి కేడర్ పాసై, మెడికల్‌గా ఫిట్ అయ్యి, సీనియారిటీలో పేరొచ్చి, మీరు ఈ ర్యాంక్‌కి అర్హులు అని ఆర్మీయే చెప్పిన మనిషికి ఎందుకివ్వరు? వాళ్లిద్దరిలో ర్యాంక్‌కి దగ్గరగా వచ్చింది ఎవరు? ఈ ప్రశ్నకి నాకు ఇంతవరకూ సరైన జవాబు దొరకలేదు. నేనడిగిన రిటైర్డ్ సుబేదార్లలో ఒకరు కాసేపు ఆలోచించి "రూల్ అలా ఉంది బాబూ" అన్నారు, అంతకుమించి ఆయన దగ్గరా ఏమీ లేదు.

రెండోది లిమిటేషన్ గొడవ, అంటే కేసు వేయడానికున్న గడువు. ఇన్నేళ్ల తర్వాత వచ్చి అడుగుతున్నావేంటని ప్రతి ఆఫీసూ అంటుంది. సుప్రీంకోర్టు 2008లో తర్సేమ్ సింగ్ కేసులో ఈ విషయం చాలా స్పష్టంగా చెప్పింది. ఆయన 1983లో మెడికల్ కారణాల మీద బయటికొచ్చారు, డిసెబిలిటీ పెన్షన్ కోసం 1999లో హైకోర్టుకి వెళ్లారు, 16 ఏళ్ల లేటు. పెన్షన్ నెలనెలా తగ్గి వస్తుంటే అది ప్రతి నెలా కొత్తగా జరుగుతున్న నష్టం కాబట్టి లేటైనా రిలీఫ్ ఇవ్వొచ్చు, బకాయిలు మాత్రం కేసేసిన రోజుకి ముందు మూడేళ్లకే అంది కోర్టు. అదే తీర్పులో ఇంకో మాట కూడా ఉంది, సీనియారిటీ, ప్రమోషన్ లాంటివైతే లేటు చేస్తే క్లెయిమ్ చచ్చిపోతుందని. మన హవల్దార్ లాంటి వాళ్ల అర్జీలని కొట్టిపారేసేది ఈ రెండో మాట చూపించే. కానీ కోర్టు ఆ తేడా ఎందుకు పెట్టిందో చదవాలి కదా! పెన్షన్ సవరిస్తే మూడో మనిషికి నష్టం లేదు, ప్రమోషన్ తిరగదోడితే వేరేవాళ్ల సీనియారిటీ చెదిరిపోతుంది, అదీ కారణం. రిటైరైపోయిన మనిషికి నోషనల్‌గా ర్యాంక్ ఇస్తే ఎవడి సీనియారిటీ చెదురుతుంది? ఆయన స్థానంలో ప్రమోషన్ తీసుకున్న వ్యక్తి ఎప్పుడో సుబేదార్ అయ్యి తనూ రిటైరై ఉంటాడు, ఆయన పెన్షన్‌లో ఒక్క రూపాయి తగ్గదు. పేరుకి అది ప్రమోషన్ క్లెయిమే, లోపల ఉన్నది మాత్రం పెన్షన్ క్లెయిమ్. కారణం లేని చోట రూల్ పట్టుకుని వేలాడటం న్యాయం అనిపించుకోదు.

అవతలి వాదన కూడా తీసిపారేసేది కాదు. ఆయన వద్దన్న ఫీల్డ్ పోస్టింగ్‌కి ఇంకెవరో వెళ్లారు, వాళ్లింట్లోనూ కష్టాలుండే ఉంటాయి, ఆ చలిలో నిలబడింది వాళ్లు. వద్దని మళ్లీ కావాలంటే ఒప్పుకుంటూ పోతే రేపు ప్రతివాడూ కష్టమైన పోస్టింగ్ తప్పించుకుని రిటైరయ్యాక ర్యాంక్ అడుగుతాడు అంటారు. 2022 జనవరిలో మంజూ అరోరా కేసులో కూడా, ప్రమోషన్ వద్దన్న కేంద్ర ఉద్యోగులు ఏసీపీ కింద, అంటే ప్రమోషన్ రాక ఏళ్లు గడిచినవాళ్లకి పై పే స్కేల్ ఇచ్చే స్కీమ్ కింద, ఫైనాన్షియల్ అప్‌గ్రేడేషన్ అడగలేరని సుప్రీంకోర్టు తేల్చేసింది. కానీ వాళ్లు సివిల్ ఉద్యోగులు, హవల్దార్ లాగా ర్యాంక్ పెరగనందుకు ముందే రిటైరవ్వాల్సిన గతి వాళ్లది కాదు. అందుకే నేను జీతం అడగట్లేదు, సీనియారిటీ అడగట్లేదు, కారణం రికార్డులో కనిపించే వాళ్లకే ఇవ్వమంటున్నా. హాస్పిటల్ పేపర్లుంటాయి, యూనిట్ దగ్గర ఫ్యామిలీ వివరాలుంటాయి, పోస్టింగ్ తప్పించుకున్నవాడెవడో భార్యని డయాలసిస్‌కి తీసుకెళ్లినవాడెవడో తేల్చడం అంత కష్టమేం కాదు.

అమెరికాలో దీనికి వేరే వ్యవస్థే ఉంది. 1946లో వాళ్ల పార్లమెంట్ ఒక చట్టం చేసింది, అప్పటిదాకా సైనికుల రికార్డు సరిచేయాలంటే ఒక్కొక్కరికీ విడిగా బిల్లు పాస్ చేయాల్సొచ్చేది, ఆ తలనొప్పి పోవడానికి మిలిటరీ రికార్డులు సవరించే బోర్డులు పెట్టారు. అందులో కూర్చునేది సివిలియన్లు. రికార్డులో తప్పున్నా సరే, తప్పు లేకుండా అన్యాయం ఉన్నా సరే, సరిచేసే పవర్ వాళ్లకుంది. మూడేళ్ల గడువుంది గానీ న్యాయం కోసం అవసరమనుకుంటే దాన్ని పక్కన పెట్టొచ్చు. అక్కడ అందరికీ న్యాయం జరిగిపోతోందని నేననను, చాలా అర్జీలు అక్కడా కొట్టేస్తారు. కానీ తప్పు, అన్యాయం రెండూ వేరువేరని చట్టంలోనే ఒప్పుకోవడం చూడండి. మన హవల్దార్ ఫైల్‌లో ఏ తప్పూ లేదు, ప్రతి సంతకం, ప్రతి స్టాంప్ కరెక్టే. మన ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్ 2007 చట్టంతో వచ్చింది, 2009 నుంచి పనిచేస్తోంది, ఒక జడ్జి, ఒక రిటైర్డ్ సీనియర్ ఆఫీసర్ కూర్చుంటారు, ఎంతోమందికి మేలు చేసింది. కానీ అది కోర్టే, రూల్ ఉల్లంఘన జరిగిందా లేదా అన్న దగ్గరే మొదలవుతుంది. రూల్ ప్రకారం జరిగిన అన్యాయం గురించి వినే బల్ల ఒకటి మనకి కావాలి.

ఇప్పుడు ఆ పేపర్‌లోని ఇంకో మాట దగ్గరికి వెళ్లాలి, నాకు అన్నిటికంటే ఎక్కువ కోపం తెప్పించేది అదే, 'ఇష్టపూర్వకంగా'. ఆ ఇంగ్లీష్ మాటకి అర్థం ఆయనకి తెలుసా అని అడిగా. "సంతకం పెట్టమన్న చోట పెట్టానండి, క్లర్క్ హిందీలో చెప్పాడు ప్రమోషన్ వద్దని రాసిందని, ఇకముందు అడగననే ముక్క ఉందని రిటైరయ్యాక మా అమ్మాయి చదివితే తెలిసింది" అన్నారు. పదో క్లాసు తెలుగు మీడియంలో చదివి ఫౌజ్‌కి వెళ్లిన మనిషి, ఎదురుగా బల్ల వెనక ఆఫీసర్, పక్కన క్లర్క్, మనసంతా హాస్పిటల్ దగ్గర. 1986లో బ్రోజోనాథ్ గంగూలీ కేసులో సుప్రీంకోర్టు ఏమందంటే, బలం సమానంగా లేని ఇద్దరి మధ్య, బలహీనుడికి వేరే దారి లేక చుక్కల గీత మీద సంతకం పెట్టే అన్యాయమైన షరతు చెల్లదు అంది. అది ఒక ప్రభుత్వ సంస్థ ఉద్యోగుల కేసు, నిజమే. కానీ ఆర్డర్ పాటించడమే ఉద్యోగమైన చోట బలం ఎంత అసమానంగా ఉంటుందో ఎవరికి తెలీదు?

అసలు మన దేశంలో సంతకాల సంగతే ఇంత. ఆపరేషన్‌కి ముందు హాస్పిటల్‌లో పెట్టించుకునే కన్సెంట్ ఫారం చాలాచోట్ల ఇంగ్లీష్‌లో ఉంటుంది, బ్యాంక్ లోన్ అగ్రిమెంట్ ఇంగ్లీష్‌లో, ఇన్సూరెన్స్ పాలసీ ఇంగ్లీష్‌లో, చిన్న అక్షరాల్లో. పెన్సిల్‌తో ఇంటూ మార్కు పెట్టి ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ అని చూపిస్తారు, మనం పెట్టేస్తాం, చదవాలంటే వెనక క్యూలో వాళ్లు విసుక్కుంటారు. పదేళ్ల తర్వాత గొడవొస్తే అదే పేపర్ తీసి మీరు ఒప్పుకున్నారుగా అంటారు. అర్థంకాని భాషలో తీసుకున్న ఒప్పుకోలు ఒప్పుకోలు ఎలా అవుతుంది? తెలుగు జవాన్‌కి తెలుగులో, ఒడియా జవాన్‌కి ఒడియాలో అదే సర్టిఫికెట్ రాయించి, దీనివల్ల మీ పెన్షన్ ఇంత తగ్గుతుంది, మీ సర్వీస్ ఇన్నేళ్లు తగ్గుతుంది అని అంకెలతో చూపించి, వారం టైమిచ్చి, కష్టం తీరాక ఒక్కసారి వెనక్కి తీసుకునే ఛాన్స్ పెడితే ఆర్మీకొచ్చే నష్టం ఏంటి? ఆ ఒక్క లైన్ ఆ ఫారంలో ఉండుంటే భార్య పోయిన మరుసటేడాదే ఆయన ఫీల్డ్‌కి వెళ్లేవారు, ఆ మాట ఆయనే చెప్పారు, ఆయన మిగతా సర్వీస్ రికార్డు చూసిన ఎవరికైనా అందులో అనుమానం రాదు.

రికార్డ్ ఆఫీస్ జవాబొచ్చి నాలుగు నెలలైంది. ఫైనల్ ఆర్డర్ వచ్చాక ట్రిబ్యునల్‌కి వెళ్లడానికి చట్టం ఇచ్చేది ఆరు నెలలు, అంటే ఇంకా రెండు నెలలుంది. పోయిన వారం లాయర్ వకాల్తా, అఫిడవిట్ పంపించారు, అవీ ఇంగ్లీష్‌లోనే ఉన్నాయి. అప్పుడు చిన్నపిల్లగా ఉన్న ఆ కూతురే పక్కన కూర్చుని ఒక్కో లైన్ తెలుగులో చెప్తుంటే, అర్థంకాని చోట ఆపి రెండోసారి చెప్పించుకుని, మూడు పేజీలకి గంటన్నర తీసుకుని, ఆ తర్వాత సంతకం పెట్టారు.