కొబ్బరిబోండానికి వోచరేది?

సినిమా ఎలా ఉందో తేల్చాల్సింది థియేటర్లో కాదు, ఇంట్లో. ఈ మాట నేను చాలాకాలంగా చెబుతున్నా ఎవరూ పట్టించుకోవడం లేదు. థియేటర్‌కు వెళ్లినవాడు టికెట్‌కు పెట్టి ఉంటాడు, పార్కింగ్‌కు పెట్టి ఉంటాడు, ఇంటర్వెల్లో పాప్‌కార్న్‌కు వారం కూరగాయల డబ్బు పెట్టి ఉంటాడు. అంత వదిలించుకున్నాక సినిమా బాగాలేదంటే పోయేది సినిమా పరువు కాదు, తన పరువు. అందుకని "పర్వాలేదు, ఒకసారి చూడొచ్చు" అంటాడు. సోఫాలో కాళ్లు మడుచుకుని, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ చూసేవాళ్లకు ఆ మొహమాటం లేదు. పైసా పెట్టలేదు కాబట్టి నిజం చెప్పడానికి అడ్డేమీ ఉండదు.

పోయిన నెల మా ఇంట్లో అలాంటి విచారణ ఒకటి జరిగింది. బోనులో నిలబడ్డ సినిమా ఎల్ మరియాచి. మా బామ్మర్ది అమెరికాలో ఆస్టిన్‌లో ఉంటాడు. వచ్చినప్పుడల్లా బాదంపప్పు, బాడీలోషన్లు తెచ్చేవాడు ఈసారి ఈ డిస్క్ తెచ్చాడు. "మా ఊరి కుర్రాడు తీశాడు బావా" అన్నాడు, ఆస్టిన్ ఏదో తాతల నాటి ఊరైనట్టు.

ఆ కుర్రాడు రాబర్ట్ రోడ్రిగెజ్. 1991లో, 23 ఏళ్ల వయసులో, సరిహద్దు దాటి మెక్సికోలోని సియుదాద్ అకూన్యా అనే ఊరికి వెళ్లి, 14 రోజుల్లో, 7,225 డాలర్లతో ఈ సినిమా తీశాడు. మనం రూపాయి విలువ తగ్గించుకున్న ఏడాది అది. అప్పటి లెక్కలో చూసినా 2 లక్షల రూపాయలు దాటదు. మా కాలనీలో పోయినసారి వినాయకుడి లడ్డూ అంతకంటే ఎక్కువ పలికింది.

అసలు విశేషం వేరే ఉంది. ఈ సినిమాను అతను థియేటర్ల కోసం తీయలేదు. స్పానిష్ వీడియో క్యాసెట్ల వ్యాపారులకు అమ్ముకుని, వచ్చిన డబ్బుతో ఇంకొకటి తీసి చెయ్యి తిరిగేలా చేసుకుందామనుకున్నాడు. అంటే ఇది పుట్టుకతోనే ఇంటి సినిమా. వీసీపీ, కలర్ టీవీ రాత్రికి అద్దెకు తెచ్చి, వరండాలో చాపలు పరిచి, తెల్లవారేలోగా మూడు క్యాసెట్లు లాగించిన తరానికి దీని మీద సహజ హక్కు ఉంది. క్యాసెట్ల వాళ్లతో బేరం కుదరక, తిరిగి తిరిగి అది హాలీవుడ్ సంస్థ కొలంబియా పిక్చర్స్ చేతిలో పడింది. 1993లో అమెరికాలోని సన్‌డాన్స్ సినిమా ఉత్సవంలో ప్రేక్షకుల అవార్డు వచ్చింది. 2011లో అమెరికా వాళ్ల లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ భద్రపరచాల్సిన సినిమాల జాబితాలో చేర్చింది. అవన్నీ కింది కోర్టుల తీర్పులు. మా హాల్లో ఫైనల్ హియరింగ్ ఇప్పుడే జరిగింది.

ధర్మాసనంలో నలుగురు. మా మావయ్యగారు సబ్‌ట్రెజరీలో 34 ఏళ్లు పనిచేసి రిటైరైన మనిషి. ఆయన చేతుల మీదుగా అభ్యంతరం లేకుండా దాటిన బిల్లు లేదని పేరు. ఆయన కూతురు, అంటే మా ఆవిడ. ఇంటర్ చదువుతున్న మావాడు. పెరుగు తోడుకోసం గిన్నెతో వచ్చి, గిన్నె ఒళ్లో పెట్టుకునే చివరిదాకా ఉండిపోయిన ఎదురు ఫ్లాట్ పిన్నిగారు.

కథ చిన్నదే. నల్ల బట్టలు వేసుకుని, గిటార్ పెట్టె పట్టుకుని, పాడుకుని బతుకుదామని ఒక అమాయకుడు ఊళ్లోకి వస్తాడు. అదే సమయంలో నల్ల బట్టలతోనే, గిటార్ పెట్టెతోనే ఒక హంతకుడూ దిగుతాడు. వాడి పెట్టెలో తుపాకులుంటాయి. వాణ్ణి లేపేయమని విలన్ పంపిన మనుషులు వీడి వెంట పడతారు.

పిన్నిగారికి స్పానిష్ రాదు. కింద వచ్చే ఇంగ్లిష్ అక్షరాలు చదివే ఓపికా లేదు. అయినా పదో నిమిషానికల్లా ఆమె కథ తేల్చేశారు. "ఇద్దరూ అన్నదమ్ములమ్మాయ్. చిన్నప్పుడు తిరునాళ్లలో తప్పిపోయుంటారు. ఆ పెట్టెలు చూశావా, రెండూ ఒకటే! వాళ్ల నాన్న చేయించి ఉంటాడు." అక్కడి నుంచి ఆమె వాళ్లమ్మ కోసం ఎదురుచూడటం మొదలుపెట్టారు. ముసలావిడ ఎవరు కనిపించినా ముందుకు వంగేవారు. సినిమా అయిపోయాక, "అన్నీ బాగానే ఉన్నాయి గానీ ఫ్లాష్‌బ్యాక్ కోసేశారు. తక్కువ డబ్బులన్నారుగా, చిన్నపిల్లలకు ఇవ్వడానికి చాలలేదేమో" అని జాలిపడ్డారు. ఇంత సమగ్రమైన విమర్శ ఈ సినిమా మీద ఇంతవరకు వచ్చిందని నేననుకోను.

మావాడి పద్ధతి వేరు. వాడు ఏ సినిమా అయినా ఒకటిన్నర స్పీడులో చూస్తాడు. మా పాత ప్లేయర్‌కు ఆ సదుపాయం లేకపోవడంతో, మామూలు వేగంలో నడుస్తున్న మనుషుల్ని చూసి వీళ్లకేమైనా జబ్బా అని అడిగాడు. వాడి అభ్యంతరం ఒక్కటే. "బిర్యానీ తెచ్చేవాడికి కూడా ఓటీపీ ఉంటుంది నాన్నా. మనిషిని చంపడానికి వెళ్లేవాళ్లకు కనీసం ఫోటో పంపరా?" 1991లో ఫోటో పంపాలంటే స్టూడియోలో కడిగించి పోస్టు చేయాలని చెప్పాను. వాడు నావైపు రాతియుగం మనిషిని చూసినట్టు చూశాడు. తర్వాత రోడ్డు మీద ఒక తాబేలు మెల్లగా దాటే షాట్ వచ్చింది. మావాడు సోఫాలోంచి లేచి, ఆ తాబేలు హీరో బతుకుకు ప్రతీక అనీ, వీపు మీది డిప్ప అతని గిటార్ పెట్టె అనీ వివరించాడు. వాళ్లమ్మ కళ్లు మెరిశాయి. పిల్లాణ్ణి ఎం.పి.సి.లో చేర్చి తప్పు చేశామేమోనని ఆ రాత్రి నాతో అంది.

మా ఆవిడ రెండుచోట్ల ఆగింది. ఒకటి, "మాటిమాటికీ ఆ కుక్కను ఎందుకు చూపిస్తారండీ? కుక్కకు కథలో ఏం పని?" నా దగ్గర జవాబు లేదు. రెండోది ఆమెను నిజంగానే కదిలించింది. మన గాయకుడు పని అడుగుతూ ఒక బారుకు వెళ్తాడు. ఓనరు తన కీబోర్డు వాడిని పిలిచి మీటమంటాడు. ఆ ఒక్క పెట్టె నొక్కితే మేళమంతా మోగుతుంది. ఇంకా నువ్వెందుకు అని పంపేస్తాడు. అందరూ నవ్వే సీనే. మా ఆవిడ నవ్వలేదు. "మా చెల్లి పెళ్లికి సన్నాయి మేళం మాట్లాడి, చివర్లో డీజే పెట్టామని వద్దన్నాం గుర్తుందా? అడ్వాన్సు ఉంచుకోండి అంటే డోలు ఆయన తిరిగిచ్చేసి వెళ్లాడు" అంది. కాసేపు హాల్లో తుపాకుల చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు.

ఇక మావయ్యగారు. ఆయన సినిమా చూడలేదు, తనిఖీ చేశారు. కరెంటు బిల్లు వెనక పెన్సిల్‌తో గీతలు పెడుతూ పేలిన బుల్లెట్లు లెక్కించారు. అయిదేసి గీతల కట్టలు బిల్లు దాటి న్యూస్‌పేపర్ మీదికి పాకాయి. "ఏ తుపాకీలో ఇన్ని పడతాయి అల్లుడుగారూ? స్టాకు రిజిస్టరు చూపించమనండి" అన్నారు. ఆయన దృష్టిలో హంతకుడు కూడా ఒక ఉద్యోగే. టి.ఎ. ఉందా, రాత్రి బసకు డి.ఎ. వస్తుందా, పనిలో ఉండగా పోతే ఇంట్లోవాళ్లకు కారుణ్య నియామకం ఉందా అని అడిగారు. ఏవీ లేవన్నాను. "అందుకే వాడి ముఖంలో నవ్వు లేదు" అన్నారు. చివరికి నలుగురూ ఏకగ్రీవంగా ఇచ్చిన తీర్పు రెండే మాటలు: లో బడ్జెట్.

ఆ మాటను మనవాళ్లు ఎలా పలుకుతారో గమనించండి. సెకండ్ హ్యాండ్ అన్నట్టు, మేనరికం సంబంధం అన్నట్టు, కొంచెం పెదవి విరిచి. పలికింది ఎవరు? హార్లిక్స్ సీసాలో ముప్పై ఏళ్లుగా పోపుగింజలు పోస్తున్న ఇల్లు మాది. నా పాత బనియన్ మొదట స్కూటర్ గుడ్డ, ఆ తర్వాత గచ్చు తుడిచే గుడ్డ, ఆఖరికి కుండీ కింద చుట్ట. డబ్బాలో బిస్కెట్లు ఉంటాయనుకుని మూత తీస్తే సూదీదారం కనిపిస్తుంది. అయినా సినిమావాడు మాత్రం మన కోసం కార్లు గాల్లోకి లేపాలి, అవి కొత్త కార్లయి ఉండాలి.

కథ ఇక్కడితో అయిపోయేదే. కానీ రిమోట్ మీద మావయ్యగారి బొటనవేలు పడి, డిస్క్‌లో ఉన్న దర్శకుడి కామెంటరీ మొదలైంది. అదే సినిమా మళ్లీ నడుస్తుంటే, ప్రతి సీనూ ఎలా తీశాడో రోడ్రిగెజ్ చెబుతూ పోతాడు. బామ్మర్ది తెలుగులో చెబుతున్నాడు. మావయ్యగారు ఆపేయమంటారనుకున్నాను. పెన్సిల్ చెక్కుకున్నారు.

కెమెరా అరువు. లైట్లు బల్ల మీద పెట్టుకునే రకం రెండు. కెమెరాను కదిలించడానికి ట్రాలీ లేదు, చక్రాల కుర్చీలో కూర్చుని తోయించుకున్నాడు. యూనిట్ లేదు, షాట్‌లో లేని నటుడు షాట్‌లో ఉన్నవాడికి సాయం. రాసింది, తీసింది, కత్తిరించింది ఒక్కడే. "మా ఆఫీసులో అయిదు పోస్టులు ఖాళీ అయితే ఒక్కణ్ణే ఇంచార్జిగా వేసేవారు. అదీ పద్ధతి" అన్నారు మావయ్యగారు, గొంతులో మొదటిసారి గౌరవంతో. జైలు సీన్లో కనిపించింది నిజం జైలే, అందులో ఉన్నది నిజం సిబ్బందే అని తెలిసి తలాడించారు. స్థానిక పత్రికల వాళ్లు తప్పులు రాయకుండా వాళ్లకూ చిన్న వేషాలు ఇచ్చాడని విని, "ఈ కుర్రాడు డిప్యుటేషన్ మీద మన దగ్గర చేశాడా?" అని అడిగారు.

డబ్బు ఎక్కడిదో కూడా తేలింది. ఆస్టిన్‌లో మందుల పరీక్షలకు ఒళ్లు అప్పగించి కొంత సంపాదించాడు. లోపల నెల రోజులు ఊరికే కూర్చోవడం ఎందుకని స్క్రిప్టు రాసుకున్నాడు. పక్క మంచం మీద పరిచయమైన మనిషినే విలన్‌గా పెట్టుకున్నాడు. ఆ విలన్‌కు స్పానిష్ రాదు, అర్థం తెలియకుండానే డైలాగులు బట్టీపట్టాడు. ఇది విని మా ఇంట్లో ఎవరూ ఆశ్చర్యపోలేదు. మన హీరోయిన్లు ఎన్నాళ్లుగా అదే చేస్తున్నారు. హైదరాబాద్‌లోనూ మందుల పరీక్షలకు వెళ్లే కుర్రాళ్లు ఉన్నారు. వాళ్లలో ఒక్కడైనా లోపల కూర్చుని కథ రాస్తున్నాడేమో, మనకెవరు చెప్తారు?

తర్వాత తుపాకుల అధ్యాయం వచ్చింది. కొన్ని తుపాకులు ఆ ఊరి పోలీసుల దగ్గర అడిగి తెచ్చినవి. ఉత్తుత్తి తూటా వేస్తే ఒక్కసారి పేలి ఇరుక్కుపోయేవి. అందుకని ఒక్కొక్క పేలుడునూ ఒక్కో వైపు నుంచి తీసి, ముక్కలన్నీ అతికించి, పైన మెషిన్‌గన్ మోత కలిపాడు. మావయ్యగారు కరెంటు బిల్లు తీశారు. గీతల కట్టలవైపు చూశారు. వినిపించింది అంత, ఖర్చయింది ఇంతేనా? కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఇలాంటి బిల్లు 34 ఏళ్లలో నా టేబుల్ మీదికి ఒక్కటి రాలేదు అల్లుడుగారూ" అన్నారు.

కుక్క సంగతీ తెలిసింది. మాటలన్నీ షాట్ అయ్యాక విడిగా టేప్‌రికార్డర్‌లో పట్టుకున్నవి. పెదవులకూ మాటకూ పొంతన తప్పినప్పుడల్లా కత్తిరించి కుక్కను చూపించేవాడు. మా ఆవిడ చాలాసేపు నవ్వింది. ఇప్పుడు మా ఇంట్లో ఎవరైనా మాట తప్పించబోతే "కుక్కను చూపించకండి" అంటోంది, ముఖ్యంగా నన్ను. తాబేలు మాత్రం అంత సుఖంగా తేలలేదు. దారిలో కనిపించింది, తీసేశాం అన్నాడు దర్శకుడు. మావాడు కాసేపు ఆలోచించి, "అతనికి తెలియకుండానే ప్రతీక అయింది" అన్నాడు. వీడికి భవిష్యత్తు ఉంది.

తర్వాత కొలంబియా వాళ్లు శబ్దం బాగుచేయడానికి, థియేటర్ సైజుకు మార్చడానికి సినిమా తీసిన ఖర్చుకు ఎన్నో రెట్లు పెట్టారని విని మావయ్యగారు మండిపడ్డారు. రిపేరు అంచనా కొత్త బిల్డింగు కంటే ఎక్కువైతే సంతకం పెట్టినవాణ్ణి సస్పెండ్ చేయాలన్నారు.

తీర్పు తిరగబడుతుందనే అనుకున్నాం. ఒక్క చోట ఆగింది. హీరో ఊళ్లోకి రాగానే రోడ్డు పక్కన కొబ్బరిబోండం తీసుకుని తాగుతూ వెళ్లిపోతాడు. డబ్బులిచ్చే ముక్క తీయడం మరిచిపోయారు. మళ్లీ అంతదూరం వెళ్లడం దండగని, ఈ ఊళ్లో బోండాలు ఉచితం అని హీరో గొంతుతో ఒక మాట చెప్పించేశాడు రోడ్రిగెజ్. మావయ్యగారు పెన్సిల్ కింద పెట్టారు. "ఇది కుదరదు" అన్నారు. ఎంత చెప్పినా వినలేదు. 7,225 డాలర్లకూ లెక్క సరిపోయింది కానీ బోండానికి వోచరు లేదు. కరెంటు బిల్లు అడుగున ఎర్ర పెన్నుతో అభ్యంతరం రాసి, తేదీ వేసి, పొట్టి సంతకం పెట్టారు.

మర్నాడు పొద్దున వాకింగ్ నుంచి వస్తూ సందు మొదట్లో బండి దగ్గర ఆగాం. కుర్రాడు బోండం చెక్కి స్ట్రా వేసి ఇచ్చి 60 రూపాయలన్నాడు. మావయ్యగారు ఒక గుటక వేసి, "మెక్సికోలో ఇవి ఉచితం, తెలుసా?" అన్నారు.

కుర్రాడు కత్తి బండి మీద పెట్టి, క్యూఆర్ కోడ్ అట్ట మావైపు తిప్పాడు.

"అక్కడే తాగి రావాల్సింది సార్."