సవరణ: జలగ పట్టుకుంటే ఉప్పు, నిప్పు వద్దు

వర్షారణ్య ట్రెక్కింగ్ జాగ్రత్తల పోస్టులో “జలగ పట్టుకుంటే ఉప్పు చల్లండి, లేదా లైటర్ చూపండి” అని ఉంది. ఆ వాక్యం తీసేశాం. ఉప్పో వేడో తగిలితే జలగ పట్టు వదిలేముందు కడుపులోది గాయంలోకి కక్కే ప్రమాదముంది, పుండు చీము పట్టొచ్చు. పట్టుకుని లాగితే చర్మం చిరుగుతుంది.

జలగకు రెండు కొసలా పట్టు ఉంటుంది. కొరికేది సన్నటి కొస. అక్కడ చర్మాన్ని కాస్త బిగబట్టి, గోటిని చర్మానికి ఆనించి పక్కకు జరిపితే ఊడుతుంది. వెంటనే లావు కొసనూ అలాగే విడిపించి విసిరేయండి. ఆలస్యం చేస్తే వేలికి పట్టుకుంటుంది. దాని లాలాజలం రక్తాన్ని గడ్డకట్టనివ్వదు కాబట్టి గాయం గంటల తరబడి చెమ్మగిల్లడం మామూలే. సబ్బుతో కడిగి, అదిమి కట్టు కట్టండి. కంట్లోనో ముక్కులోనో దూరితే మాత్రం గోటితో కెలకొద్దు, వైద్యుడే తీయాలి.

జలగలు, పురుగులు దరిచేరకుండా వాడే మందుల సంగతి కూడా. పెర్మెత్రిన్ బట్టలకు, బూట్లకే. ముందురోజే కొట్టి పూర్తిగా ఆరనివ్వాలి. ఒంటికి రాసుకునేది డీట్. అది కళ్లద్దాల ప్లాస్టిక్‌ను, వాచీ పట్టీలను పాడుచేస్తుంది, రాసుకున్నాక అరచేతులు తుడుచుకోండి.